ఆరు చేలు, ఒక సగటు: పశుగ్రాస అలసంద రకాల పరీక్షపై కేస్ స్టడీ

పశుగ్రాసం కోసం పండించే అలసందలో డజను రకాలను ఆరు ప్రదేశాల్లో, వరుసగా రెండు సీజన్లు వేసి చూసిన పరీక్ష ఇది. ఫలితాల పట్టిక నా దగ్గరకు వచ్చేసరికి నిర్ణయం దాదాపుగా జరిగిపోయింది. అన్నిచోట్ల వచ్చిన పచ్చిమేత దిగుబడిని కలిపి సగటు తీశారు. 7వ నంబరు రకం మొదటి స్థానంలో నిలిచింది. ఆరు ప్రాంతాలకూ దాన్నే సిఫారసు చేయాలనుకుంటున్నామని, గణాంకాలు ఒకసారి సరిచూసి పంపమని అడిగారు. సరిచూస్తే కూడికలోనూ భాగహారంలోనూ ఏ తప్పూ లేదు. కానీ ఆ సగటు ఏ చేనుకు వర్తిస్తుందో చెప్పమంటే మాత్రం పట్టికలో సమాధానం దొరకదు.

సగటును పక్కన పెట్టి ప్రదేశాల వారీగా స్థానాలు రాసుకోవడం నా మొదటి అలవాటు. ఏ సాఫ్ట్‌వేరూ తెరవకముందే, కాగితం మీద. అలా రాసుకున్నప్పుడు 7వ నంబరు రెండు చోట్ల మిగతా వాటిని చాలా దూరంలో వదిలేసి ముందుంది. మూడు చోట్ల మధ్యలో ఎక్కడో ఉంది. ఒకచోట అట్టడుగున ఉంది. అది మొదట నిలిచిన రెండు చోట్లలో ఒకటి నీటి వసతి ఉన్న లోతైన ఒండ్రు నేల. అక్కడ అన్ని రకాలూ బాగా పెరిగాయి కాబట్టి రకాల మధ్య తేడా కూడా టన్నుల్లో పెద్దదిగా కనబడుతుంది. తేలిక ఎర్రనేలలో దిగుబడి తక్కువ, కాబట్టి తేడాలు కూడా చిన్నవే. అన్నింటినీ కలిపి సగటు తీస్తే ఒండ్రునేల మాటే చెల్లుతుంది, ఎర్రనేల మాట వినబడదు. 3వ నంబరు కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఎర్రనేలలో మొదటిది, ఒండ్రునేలలో చివరి నుంచి మూడోది. ఇక 10వ నంబరు ఎక్కడా మొదట రాలేదు, ఎక్కడా అడుగుకు పోలేదు.

ఇలా ఒక రకం ఒకచోట గెలిచి మరోచోట ఓడడాన్ని పంటల ప్రజనన శాస్త్రంలో రకానికీ పర్యావరణానికీ మధ్య పరస్పర ప్రభావం అంటారు. ఇందులో రెండు తరహాలున్నాయి. మంచి చేలో రకాల మధ్య అంతరం పెరిగి, పేద చేలో తగ్గినా, వరుస మాత్రం మారకపోవడం మొదటిది. దీనితో పెద్ద చిక్కులేదు, ఎక్కడైనా అదే రకం వేసుకోవచ్చు. వరుస తారుమారు కావడం రెండోది. సిఫారసు చేసేవాడికి నిద్రపట్టనివ్వనిది ఇదే. మన పరీక్షలో జరిగింది రెండోదే. ఎందుకు తారుమారైందో తేలనిదే ఎవరికి ఏది ఇవ్వాలో తేలదు.

అందుకని పట్టిక వదిలి పొలం డైరీలు తెప్పించాను. విత్తిన తేదీ, సగం మొక్కలు పూతకు వచ్చిన తేదీ, కోసిన తేదీ, వర్షపాతం, తెగుళ్ళ నమోదు అన్నీ వాటిలో ఉన్నాయి. ఎవరూ చూడకుండా ఉండిపోయాయి, అంతే. మొదట దొరికింది కోత తేదీ.

పరీక్ష నియమం ప్రకారం ఒక ప్రదేశంలో డజను రకాలనూ ఒకే రోజు కోశారు. సగం రకాలు పూతకు రాగానే కోత. కూలీల పని, తూకం పని ఒకేరోజు ముగుస్తాయి కాబట్టి ఇది చాలాచోట్ల వాడుకలో ఉన్న పద్ధతే. కానీ 3వ నంబరు త్వరగా పూసేది. కోతనాటికి దానిలో కాయలు దిగి, కింది ఆకులు రాలడం మొదలైంది. 7వ నంబరు ఆలస్యంగా పూసేది. కోతనాటికి అది ఇంకా తీగసాగుతూ, కాండం నిండా నీటితో, ఆకులు పచ్చగా ఉంది. ఈ రెండింటినీ పచ్చిగా తూకం వేస్తే 7వ నంబరు గెలవక ఏం చేస్తుంది? ఆ తూకంలో రకాల మధ్య తేడా కొంత, వయసుల మధ్య తేడా కొంత, నీటి మధ్య తేడా కొంత కలిసిపోయి ఉన్నాయి.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడండి. ఇవి ఊహించిన అంకెలు, మా పరీక్షవి కావు. ఒక రకం హెక్టారుకు 30 టన్నుల పచ్చిమేత ఇచ్చింది, అందులో నీరు పోగా మిగిలే ఎండు పదార్థం 14 శాతం. అంటే పశువుకు నిజంగా దక్కేది 4.2 టన్నులు. ఇంకో రకం 26 టన్నులే ఇచ్చింది, కానీ ఎండు పదార్థం 18 శాతం. అది 4.68 టన్నులు అవుతుంది. పచ్చి తూకంలో నాలుగు టన్నులు వెనకబడిన రకం ఎండు తూకంలో ముందుకు వచ్చేసింది. పూతదశలో ఉన్న అలసంద మేతలో ఇంతటి తేడా ఉండడం వింతేమీ కాదు. మా పరీక్షలో రెండు ప్రదేశాల వాళ్ళు మాత్రమే నమూనాలు ఆరబెట్టి ఎండు పదార్థం శాతం రాశారు. ఆ రెండుచోట్లా 7వ నంబరుకూ 10వ నంబరుకూ మధ్య ఉన్న అంతరం చాలామటుకు కరిగిపోయింది. ఒకచోట వరుసే మారింది. మిగతా నాలుగు చోట్ల ఏం జరిగి ఉండేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు కాబట్టి ఆ నాలుగింటి పచ్చి దిగుబడిని నేను సగం సాక్ష్యంగానే తీసుకున్నాను.

రెండో తాళంచెవి పగటి నిడివి. అలసంద ప్రధానంగా పగలు తగ్గినప్పుడు పూసే పంట. అయితే అన్ని రకాలూ దీనికి ఒకేలా స్పందించవు. కొన్ని పగటి నిడివిని పట్టించుకోకుండా, అందిన వేడిని బట్టి పూస్తాయి. కొన్ని మాత్రం పగలు ఒక హద్దుకన్నా తగ్గేదాకా పూత వాయిదా వేస్తాయి. భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలకు అటూఇటూగా ఉంటుంది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర వేసవి మధ్యలో అది పద్నాలుగు గంటలు దాటుతుంది. మా ఆరు ప్రదేశాల్లో ఒకటి బాగా పై అక్షాంశంలో ఉంది, ఒకటి బాగా కింద ఉంది. పూత తేదీలను ఈ రెండు చోట్లా పక్కపక్కన పెట్టి చూస్తే 3వ నంబరు రెండుచోట్లా దాదాపు ఒకే వయసులో పూసింది. 7వ నంబరు కింద తొందరగా పూసి, కురచగా ఉండగానే పెరుగుదల ఆపేసింది. పైన మాత్రం పూత ఊసే ఎత్తకుండా తీగలు వేస్తూ పోయింది. అది అట్టడుగున నిలిచిన ప్రదేశం కింది అక్షాంశంలోదే. పట్టిక చూసినవారు ఆ చేను నేల మంచిది కాదేమోనని రాశారు. నేలకు ఇందులో పాత్ర ఏమీ లేదు. అదే నేలలో మిగతా రకాలు చక్కగా పండాయి.

మూడోది ఆమ్లనేల ప్రదేశం. అక్కడ మొదటి సీజనులో అన్ని రకాలూ పాలిపోయి, మోకాలెత్తు కూడా పెరగలేదు. వరుసలో 5వ నంబరు మొదట వచ్చింది. మరెక్కడా దాని పేరు కూడా వినబడలేదు. డైరీలో ఎవరో శ్రద్ధగల మనిషి ఒక వాక్యం రాసి పెట్టారు: వేరు బుడిపెలు తక్కువ, కోసి చూస్తే లోపల తెల్లగా ఉన్నాయి. గాలిలోని నత్రజనిని పట్టే బుడిపె లోపల గులాబీ లేదా ఎరుపు రంగు ఉండాలి. తెల్లగా ఉందంటే అది పని చేయడం లేదు. నేల ఆమ్లతను చూపే ఉదజని సూచిక (pH) 5 కన్నా తగ్గితే కరిగిన అల్యూమినియం వేళ్ళ కొసలను దెబ్బతీస్తుంది, బుడిపెలు ఏర్పడడమూ మందగిస్తుంది. పైగా ఆ చేలో ఏళ్ళ తరబడి పప్పుజాతి పంట వేయలేదు. అలసంద ఆ విషయంలో సర్దుకుపోయే పంటే. నేలలో ఉండే రకరకాల బ్రాడీరైజోబియం బ్యాక్టీరియాతో అది జత కడుతుంది. లూసర్న్ అనే మేత పప్పుజాతి అలా కాదు, దానికి తనకు సరిపోయే రైజోబియం జాతి ఉంటే తప్ప బుడిపె కట్టదు, ఆమ్లనేల అసలే గిట్టదు. ఏదేమైనా ఆ సీజనులో ఆ చేను కొలిచింది మేత దిగుబడి సామర్థ్యాన్ని కాదు, నత్రజని లేకుండా బతికే ఓర్పును. రెండో సీజనులో సున్నం వేసి, విత్తనానికి రైజోబియం పట్టించి విత్తారు. 5వ నంబరు మధ్యలోకి జారిపోయింది, 10వ నంబరు పైకి వచ్చింది. పట్టికలో ఈ రెండు సీజన్లూ ఒకే ప్రదేశం పేరు కింద సగటు అయి ఉన్నాయి. నాకు ఈ పరీక్ష మొత్తంలో అన్నింటికన్నా చిరాకు కలిగించిన గడి అదే.

నల్లరేగడి ప్రదేశం సంగతి ఇలాంటిదే, కాకపోతే అక్కడ తేడా తెచ్చింది వాన. ఒక సీజనులో విత్తిన కొద్దికాలానికే నీరు నిలిచింది. అలసందకు మునక పడదు. 3వ నంబరు మొక్కలు సగానికిపైగా చచ్చాయి. మరుసటి సీజను బెట్ట. అదే 3వ నంబరు అక్కడ మొదట నిలిచింది. ప్రదేశం ఒకటే, నేల ఒకటే, పర్యావరణాలు రెండు. రకానికీ ప్రదేశానికీ మధ్య ఉండే ప్రభావం ఏటా తిరిగి వస్తుంది, కాబట్టి దాన్నిబట్టి సిఫారసు చేయవచ్చు. రకానికీ సంవత్సరానికీ మధ్య ఉండే ప్రభావం ముందుగా తెలియదు, దాన్నిబట్టి సిఫారసు చేయలేం. తట్టుకునే రకం వెతకడమొక్కటే మార్గం. రెండు సీజన్ల సమాచారంతో ఈ రెండింటినీ విడదీయడం కష్టం. అందుకే నల్లరేగడికి నేను గట్టి మాట ఏదీ చెప్పలేదు.

ఇన్ని చూసిన తర్వాతే గణాంక విశ్లేషణకు కూర్చున్నాను. ప్రదేశపు సగటు దిగుబడిని కొలబద్దగా పెట్టుకుని, దాని మీద ఒక్కో రకం దిగుబడికి గీత గీసే పద్ధతి పాతది. 1938లోనే యేట్స్, కాక్రన్ ఆ ఆలోచన ఇచ్చారు. 1963లో ఆస్ట్రేలియాలో ఫిన్లే, విల్కిన్సన్ 277 బార్లీ రకాల మీద దాన్ని వాడి చూపించాక ప్రాచుర్యంలోకి వచ్చింది. 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ గీత వాలుతో (చేను మెరుగైన కొద్దీ ఆ రకం దిగుబడి ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పేది) పాటు గీత నుంచి పక్కకు తొలగడాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు. సగటు ఎక్కువగా, వాలు ఒకటికి దగ్గరగా, తొలగింపు తక్కువగా ఉంటే అది స్థిరమైన రకం. 1969లో బ్రీజ్ ఇదే పద్ధతిని కాక్స్‌ఫుట్ అనే మేతగడ్డికి వర్తింపజేశాడు.

మా పరీక్షలో ఈ గీతలు అనుకున్నట్టే వచ్చాయి. 7వ నంబరు వాలు నిటారు, 3వ నంబరుది దాదాపు బల్లపరుపు, 10వ నంబరుది ఒకటికి దగ్గర. పరీక్ష నడిపిన బృందానికి ఇది చాలా నచ్చింది. మంచి నేలకు 7, పేద నేలకు 3 అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు కదా. నేను ఒండ్రునేల బిందువును తీసేసి మళ్ళీ గీశాను. 7వ నంబరు వాలు చటుక్కున పడిపోయింది. అంటే ఆ నిటారు గీతను నిలబెట్టింది ఒకే ఒక్క చేను. తక్కువ ప్రదేశాలున్న పరీక్షల్లో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇంకో లోపం, ప్రదేశపు సగటును కొలబద్ద చేస్తే ఆ సగటులో ఆ రకం కూడా కలిసే ఉంటుంది, రకాలు తక్కువైన కొద్దీ ఈ ముడి బిగుస్తుంది. అన్నింటికన్నా పెద్ద లోపం, సగటు తక్కువ వచ్చిన చేలన్నీ ఒకే గంపలో పడతాయి. ఆమ్లనేల, మునిగిన నల్లరేగడి, బెట్టకు ఎండిన ఎర్రనేల మూడూ పేద చేలే, కానీ మొక్కకు ఎదురైన కష్టం మూడుచోట్లా వేరు.

ఆ లోపానికి విరుగుడుగానే 1988లో గాచ్, ఆయన సహచరులు ఏఎంఎంఐ అనే గణాంక నమూనాను ముందుకు తెచ్చారు. 2000లో వీకై యాన్, ఆయన సహచరులు జీజీఈ బైప్లాట్ అనే బొమ్మ పద్ధతిని ప్రతిపాదించారు. రెండింటిలోనూ పరస్పర ప్రభావాన్ని ఒకటికి మించిన అక్షాలుగా విడదీసి, రకాలనూ ప్రదేశాలనూ ఒకే బొమ్మలో చూపిస్తారు. మా బొమ్మలో మొదటి అక్షం పై అక్షాంశపు చేనునూ కింది అక్షాంశపు చేనునూ రెండు కొసలకు లాగింది. రెండోది తడి సీజన్లనూ పొడి సీజన్లనూ విడదీసింది. బొమ్మ అందంగానే వచ్చింది. కాకపోతే అక్షాలకు పేర్లు బొమ్మలో ఉండవు. పూత తేదీలు ముందే చూసి ఉండకపోతే మొదటి అక్షాన్ని పగటి నిడివి అని గుర్తుపట్టే అవకాశమే లేదు. బైప్లాట్ గీసి, ఏ రకం ఏ చేనుకు దగ్గరగా ఉందో చెప్పి, అక్కడితో ఆగిపోయిన నివేదికలు చాలా చూస్తుంటాను. అవి రైతుకు ఎందుకు పనికొస్తాయో నాకు అర్థం కాదు. రేపు కొత్త ఊరిలో విత్తేవాడికి ఆ బొమ్మలో తన చేను కనబడదు. పూత గుణం తెలిస్తే మాత్రం తన చేనుకు తానే అన్వయించుకోగలడు.

తెగులు సంగతి వేరుగా చెప్పాలి. ఎక్కడా అడుగుకు పోని 10వ నంబరును చూసి దానినే ఇచ్చేద్దాం అన్నవారున్నారు. ఒక ప్రదేశంలో ఆలస్యంగా విత్తిన అదనపు మడిలో దానికి పల్లాకు తెగులు గట్టిగానే సోకిందని డైరీ చెబుతోంది. తెల్లదోమ మోసుకొచ్చే తెగులు అది, సకాలంలో విత్తిన మడుల్లో కనబడలేదు. తెగులు రాని చేలలో వచ్చిన స్థిరత్వం ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ఉత్తర ఆస్ట్రేలియాలో స్టైలో అనే మేత పప్పుజాతి చరిత్ర చూడాలి. టౌన్స్‌విల్ స్టైలో అక్కడ పచ్చికబయళ్ళలో విస్తారంగా పరుచుకుని, నమ్మకమైన మేతగా పేరు తెచ్చుకుంది. 1970లలో ఆంత్రక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. దాని చోటును వెరానో, సెకా రకాలు తీసుకున్నాయి. సెకా జాతికే చెందిన ఫిట్జ్‌రాయ్ మాత్రం తర్వాత అదే తెగులుకు లొంగిపోయింది. ఎన్ని ప్రదేశాల్లో పరీక్షించినా, ఇంకా అడుగుపెట్టని శిలీంధ్రం ఏ పట్టికలోనూ ఉండదు. అందుకని 10వ నంబరును తెగులు ఉద్ధృతంగా ఉండే చోట, కావాలని ఆలస్యంగా విత్తి చూడాలని రాశాను.

చివరికి ఇచ్చిన సిఫారసు రెండు రకాలకు. నీటి వసతి ఉండి, పగలు పొడుగ్గా ఉండే కాలంలో విత్తగలిగిన చోట్లకు 7వ నంబరు, కోత దాని సొంత పూతదశలో. వాన కొద్దికాలమే ఉండి, నీరు నిలవని తేలిక నేలలకు 3వ నంబరు, కాయ దిగకముందే కోత. 10వ నంబరును తెగులు పరీక్ష అయ్యేదాకా ఆపాం. నిజానికి మూడూ ఇవ్వాలనే వాదన గణాంకాల పరంగా బలంగానే ఉంది. అయితే విత్తనం పెంచేవాళ్ళ కష్టం గణాంకాల్లో రాదు. మేత రకానికి ఆకు ఎంత ముఖ్యమో, రైతుకు ఏటా విత్తనం దొరకడం అంత ముఖ్యం. 7వ నంబరు మేతకు బాగున్న పై అక్షాంశంలో సరిగా కాయలే పట్టలేదు. దాని విత్తనాన్ని పగలు తగ్గే కాలంలో, వేరేచోట పండించాలి. మేత పరీక్షల్లో కాయల దిగుబడి కోసం ఒక్క వరుసనైనా కోయకుండా వదలని వాళ్ళకు ఈ సంగతి విడుదల తర్వాత గాని తెలియదు.

జొన్నతో కలిపి వేసిన మడులు రెండుచోట్ల ఉన్నాయి. అక్కడ 7వ నంబరు జొన్నను అల్లుకుని పడగొట్టింది, 3వ నంబరు నీడకు తేలిపోయింది, 10వ నంబరు ఫరవాలేదనిపించింది. రెండు మడులతో ఏమీ తేల్చలేం, కానీ మేత పప్పుజాతులను ఎక్కువమంది మిశ్రమంగానే వేస్తారు కాబట్టి తర్వాతి పరీక్షలో దీన్ని అన్ని చోట్లా పెట్టించాను.

తర్వాతి పరీక్ష రూపకల్పనలో ఎక్కువ వాదన జరిగింది ప్రదేశాల సంఖ్య మీద. ఒక్కోచోట పునరావృత్తులు, అంటే ఒకే రకానికి వేసే మడులు, పెంచుదామని బృందం, వాటిని తగ్గించి ప్రదేశాలు పెంచుదామని నేను. రకం సగటులోని అనిశ్చితికి రెండు భాగాలు. పరస్పర ప్రభావపు భాగం ప్రదేశాల సంఖ్యతోనే భాగించబడుతుంది. మడుల దోషపు భాగం ప్రదేశాలూ పునరావృత్తులూ గుణించగా వచ్చిన మొత్తం మడుల సంఖ్యతో భాగించబడుతుంది. లెక్క సులువు కోసం మొదటిది 4, రెండోది 12 అనుకోండి. రకానికి పన్నెండు మడులు పెట్టే శక్తి ఉంది. మూడు చోట్ల నాలుగేసి మడులు వేస్తే 4ను 3తో భాగించి, 12ను 12తో భాగించి కలపాలి: 2.33. ఆరు చోట్ల రెండేసి వేస్తే 1.67. పన్నెండు చోట్ల ఒక్కొక్కటే వేస్తే 1.33. మడుల సంఖ్య మారలేదు, అనిశ్చితి దాదాపు సగానికి దగ్గరగా తగ్గింది. ప్రయాణ ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం సరైనదే కాబట్టి మధ్యేమార్గంగా ఆరు నుంచి తొమ్మిది చోట్లకు, మూడు పునరావృత్తుల నుంచి రెండుకు వచ్చాం. కొత్తగా చేర్చిన మూడూ మంచి నేలలు కావు. చౌడునేల ఒకటి, నీరు నిలిచే పల్లం ఒకటి, ఎత్తైన చల్లని ప్రదేశం ఒకటి.

ఇదంతా ఏకవార్షిక పంటకు సరిపోయే పద్ధతి. లూసర్న్, దశరథ గడ్డి, స్టైలో వంటి బహువార్షికాలకు మొదటి ఏడాది దిగుబడి చూసి వరుస పెడితే మోసపోతాం, మూడో ఏడాదికి మడిలో ఎన్ని మొక్కలు మిగిలాయన్నదే అక్కడ అసలు కొలత. లూసర్న్‌లో చలికాలపు నిద్రాణతను బట్టి రకాలకు 1 నుంచి 11 వరకు తరగతులున్నాయి, తక్కువ అంకె ఉన్నది చలికి ముందే పెరుగుదల ఆపి బతికి బయటపడుతుంది, ఎక్కువ అంకె ఉన్నది వెచ్చని చోట ఏడాదంతా కోతకు వస్తుంది. తరగతి తెలియకుండా రెండు శీతోష్ణాల్లో వేసి పోల్చితే వచ్చే తారుమారు ముందే ఊహించదగినది. దాన్ని కనుక్కోవడానికి బైప్లాట్ అక్కర్లేదు.

కొత్త నియమావళిలో మార్చినవి కొన్నే. ప్రతి రకాన్నీ దాని సొంత పూతదశలో కోయాలి. పచ్చి తూకంతో పాటు ప్రతిచోటా అర కిలో నమూనా ఆరబెట్టి ఎండు పదార్థం రాయాలి. ఎండు పదార్థాన్ని పంట రోజులతో భాగించి రోజువారీ దిగుబడి కూడా చూపాలి, ఆలస్యంగా కోతకు వచ్చే రకానికి ఎక్కువ రోజుల లాభం ఊరికే దక్కకుండా. పూతకు ముందు ప్రతి మడి అంచు నుంచి కొన్ని మొక్కలు పీకి బుడిపెలు కోసి రంగు నమోదు చేయాలి. ఒక వరుసను విత్తనానికి వదలాలి. 3, 7 నంబర్ల విడుదల పత్రంలో దిగుబడి అంకెకు పైన, అంతే పెద్ద అక్షరాల్లో, విత్తే కాలమూ కోత దశా ముద్రించమన్నాను. దిగుబడి అంకె దగ్గర ‘ఎండు పదార్థం’ అనే మాట చేర్చడానికి బృందం మొదట ఒప్పుకోలేదు, పచ్చిమేత అంకె పెద్దగా కనిపిస్తుందని. చివరికి రెండూ వేశారు.